ముందే వెల్లడించడమైనది

ఆర్థిక సంస్థల అజమాయిషీ మండలి అని హైదరాబాదులో ఒకటుంది. చిట్‌ఫండ్ కంపెనీలూ ఫైనాన్స్ కంపెనీలూ జనాన్ని ముంచకుండా చూడటం దాని పని. ఆ పని అది ఎలా చేస్తోందో గుంటూరులో పసుపులేటి హేమలతకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆమె దగ్గర బిస్కెట్ల రేకుడబ్బాలో మండలి రాసిన జవాబులు పదిహేడు ఉన్నాయి.

హేమలత తల్లి మంగతాయారు ఇరవై రెండేళ్ళు జాకెట్లు కుట్టి కూడబెట్టినదంతా ఆనందనిలయం ఫైనాన్స్ అనే కంపెనీలో దాచుకుంది. బ్రాడీపేటలో సొంతంగా ఒక కుట్టుషాపు పెట్టుకోవాలని ఆమె ఆశ. షాపుకి పేరు కూడా అనుకుంది. ఒక సోమవారం పొద్దున వెళ్ళి చూసేసరికి కంపెనీ లేదు, బోర్డు లేదు, బోర్డు తగిలించిన మేకులు కూడా లేవు. హేమలత మండలికి ఫిర్యాదు రాసింది. మండలి వెంటనే జవాబిచ్చింది.

"సదరు సంస్థ డిపాజిట్లు స్వీకరించి పరారగు అవకాశమున్నదని తన వెల్లడి పత్రము నలభై ఆరవ పేజీ అడుగుభాగమున ముందే వెల్లడించియున్నది. నియమావళి తొమ్మిదవ నిబంధన ప్రకారం, ముందే వెల్లడించిన విషయముపై ఎట్టి చర్యయు తీసుకొనుటకు వీలులేదు. తమ ఆర్థిక చైతన్యమునకు అభినందనలు."

హేమలత ఆ నలభై ఆరో పేజీని భూతద్దం పెట్టి వెతికింది. నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ అదే జవాబు. పదిహేడోసారికి తేదీ తప్ప ఏదీ మారలేదు, అభినందనలతో సహా.

అప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది. బయట నుంచి రాస్తే వీళ్ళు వినరు, లోపలికి పోయి కూర్చోవాల్సిందే అనుకుంది. ఆ వారమే మండలిలో తనిఖీ అధికారుల ఉద్యోగాలు రెండు పడ్డాయి. వయసు ముప్పై అయిదు దాటకూడదు. ఆగస్టు వస్తే హేమలతకు దాటుతుంది, కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. బీకాంలో ఆమెకు యూనివర్సిటీ మెడల్ వచ్చింది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి రత్తయ్య కొట్లో తొమ్మిదేళ్ళుగా లెక్కలు రాస్తోంది. ఇవన్నీ చక్కగా రాసి దరఖాస్తు పంపింది. పదో రోజున అది తిరిగొచ్చింది.

"తమ దరఖాస్తునందు అర్హతలు మాత్రమే కలవు. లోపములు ఒక్కటియు వెల్లడింపబడలేదు. మా అజమాయిషీలోని కంపెనీలన్నియు తమ నష్టభయములను నలభై పేజీలకు తగ్గకుండా వెల్లడించుచుండగా, అభ్యర్థులు తమ మంచిని మాత్రమే చాటుకొనుట పారదర్శకతకు గొడ్డలిపెట్టు. పదిహేను దినములలోగా లోపముల వెల్లడి పత్రము జతపరచవలెను."

దీనంతటికీ కారణం మండలి అధ్యక్షులు సర్వోత్తమరావు గారు. ఆయన ఆ మధ్య ఏదో చల్లటి దేశంలో అయిదు రోజుల సదస్సుకి వెళ్ళి, పారదర్శకత అనే మాట ఒకటి వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. రాగానే ఆఫీసులో తలుపులూ గోడలూ తీయించి అద్దాలు పెట్టించారు. ఇద్దరు గుమాస్తాలకు ముక్కులు పగిలాక అద్దాలమీద ఎర్రచుక్కలు అంటించారు. తర్వాత ఆయన దృష్టి ఉద్యోగాల మీద పడింది. తన లోపం తానే చెప్పుకునేవాడు నమ్మదగినవాడు, ఎక్కువ లోపాలు చెప్పుకునేవాడు మరీ నమ్మదగినవాడు అని ఆయన సిద్ధాంతం. దాన్నిబట్టి మార్కుల పట్టిక తయారైంది. డిగ్రీకి అయిదు మార్కులు. చిన్న లోపానికి కాస్త, పెద్ద లోపానికి అయిదు. పట్టిక చివర 'మండలి ఉనికికే ముప్పు తెచ్చు లోపము, యాభై మార్కులు' అని కూడా వేశారు. అంతటి వాడు దొరుకుతాడని ఎవరూ అనుకోలేదు.

హేమలత ఈ సంగతి తల్లితో చెప్పింది.

"లోపాలా? నా బిడ్డకా?" అని మంగతాయారు ఒంటికాలి మీద లేచింది. "ఎవడాడు అడిగింది? నా ఎదురుగా అడగమను."

"లేకపోతే ఉద్యోగం రాదమ్మా."

మంగతాయారు చేతిలో జాకెట్టు పక్కన పెట్టింది. "అయితే రాసుకో," అంది. "ఒకటి, మొండిదానివి. పట్టిన పట్టు వదలవు. రెండు, అన్నం తింటా పుస్తకం చూస్తావు. మూడు, మీ మేనత్త పెళ్ళిలో అలిగి గోడౌన్లో కూర్చున్నావు. ఊరంతా వెతికాం."

"అప్పుడు నాకు ఏడేళ్ళు."

"లోపానికి వయసేందే? రాయి."

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టిన మనిషి దీపాలు పెట్టే వేళకి గాని ఆగలేదు. పన్నెండు పేజీలు నిండాయి. ఇంకా ఉన్నాయిగానీ గొంతెండిపోయిందనీ మంచినీళ్ళిమ్మనీ అడిగింది. తల్లి ఇన్నేళ్ళూ తనను ఎంత ఓర్చుకుందో అప్పుడు తెలిసొచ్చి హేమలతకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని అరండల్‌పేటలో ఫణిభూషణం మాస్టారి కోచింగ్ సెంటర్‌కి వెళ్ళింది. ఆయన పోయిన నెల దాకా లెక్కలూ రీజనింగూ చెప్పేవాడు. ఇప్పుడు బోర్డు మార్చి 'లోపాల్లో జిల్లాలోనే మొదటి స్థానం' అని రాయించాడు. లోపల నలభైమంది కుర్రాళ్ళు నోట్సు రాసుకుంటున్నారు. పొద్దున్నే అయిదింటికి లేచి, తలస్నానం చేసి, క్రమం తప్పకుండా వచ్చి సోమరితనం సాధన చేసేవాళ్ళు వాళ్ళు.

మాస్టారు పన్నెండు పేజీలూ తిప్పి పెదవి విరిచాడు. "మొత్తం మూడున్నర మార్కులు. ఇందులో మొండితనానికి అర. కూరలో ఉప్పు తక్కువేస్తానని రాశావేంటమ్మా? ఇది తనిఖీ అధికారి ఉద్యోగం, వంటమనిషి ఉద్యోగం కాదు. ఉద్యోగానికి పనికొచ్చే లోపాలుండాలి."

"నాకు లేవు మాస్టారూ."

"లేకపోతే నేర్చుకోవాలి. పుట్టుకతో అందరికీ వస్తాయా? అదిగో, విశ్వంభరంలాంటి వాళ్ళు నూటికొకడుంటాడు."

చింతా విశ్వంభరం ఆఖరి బెంచీలో బుగ్గకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నాడు. వారం ఆలస్యంగా చేరాడట, నోట్సు లేదు, పెన్ను కూడా లేదు. పత్రం రాసుకోవడానికి బద్ధకించి మూడే పేజీలు రాశాడు. ఆ మూడో పేజీలో మాత్రం 'నేను పని చేయను' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మాస్టారు అతన్ని చూపిస్తూ క్లాసుకు చెప్పాడు, "చూడండి, ఎక్కడన్నా ప్రయత్నం కనిపిస్తోందా? అదీ విద్యంటే." కుర్రాళ్ళు నిట్టూర్చి నోట్సులో రాసుకున్నారు.

మాస్టారు హేమలతకు ఒక ప్యాకేజీ ఇచ్చాడు. విధి నిర్వహణలో నిద్రపోతాను, లెక్కల్లో బలహీనురాలిని, ఫైళ్ళు పోగొడతాను, పెద్దవాళ్ళను చూస్తే నోట మాట రాదు, ఇట్లా నలభై పేజీలు. తల్లి చెప్పిన పన్నెండు పేజీలూ వాటి వెనక జతచేయించాడు. తప్పుడు లెక్క రాయడం ఆమె జన్మలో ఇదే మొదలు. సంతకం దగ్గర కలం ఆపేసింది. ఇంట్లో తల్లి సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ దగ్గర అవస్థపడటం గుర్తొచ్చి గుండె రాయి చేసుకుని పెట్టేసింది.

ఇక మిగిలింది ధ్రువీకరణ. పాత యజమాని చేత లోపాలు నిజమేనని రాయించుకురావాలి. రత్తయ్య మిర్చి బస్తాల మధ్య కుర్చీ వేసుకుని ఆ నలభై పేజీలూ చదివించుకుని విన్నాడు. మధ్యలో రెండుసార్లు తుమ్మాడు.

"పనిలో నిద్రపోతావని నేను రాసియ్యాలా? నోరు పడిపోద్దమ్మాయ్."

"మీరు రాయకపోతే ఉద్యోగం పోతుంది బాబాయ్."

రత్తయ్య గడ్డం గోక్కున్నాడు. తర్వాత లోపలికి పోయి, లెటర్‌హెడ్ మీద ఏదో రాసి, కవరులో పెట్టి తెచ్చాడు. "అబద్ధం రాయలేకపోయా. నీలో నాకు నచ్చనిది ఒక్కటుంది, అది రాశా. పనికిరాకపోతే చింపి పారెయ్."

హేమలత బస్సులో చదువుకుంది. మాస్టారి ప్యాకేజీలో అలాంటిది ఎక్కడా లేదు. ఇది లోపమెలా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు. బాధపెట్టడం ఇష్టంలేక చింపకుండా సంచీ అడుగున పడేసింది.

ఇంటర్వ్యూ రోజున మండలి ఆఫీసులో పది గంటలకు మొదటి పిలుపు విశ్వంభరానిది. అటెండరు మూడుసార్లు పిలిచాడు. అతను రాలేదు. అద్దాల గదిలో జరిగేదంతా బయట బెంచీమీద కూర్చున్నవాళ్ళకి కనిపిస్తోంది, కొంచెం వినిపిస్తోంది కూడా.

"అభ్యర్థి గైర్హాజరు," అన్నారు సర్వోత్తమరావు గారు సంతోషంగా. "తన పత్రమును తానే రుజువు చేసినాడు. సాక్ష్యమునకు అదనముగా అయిదు మార్కులు."

పక్కన కూర్చున్న నష్టభయ సలహాదారు లోకనాథం గారు ఆ అయిదూ కాగితం మీద వేశారు. తర్వాత ఇంకో అభ్యర్థి వెళ్ళి తాను ఎంత కోపిష్టో చూపించడానికి గ్లాసు విసిరి వచ్చాడు. ఆ తర్వాత హేమలతను పిలిచారు.

"కూర్చొనుడు," అన్నారు అధ్యక్షులు. "ఏడవ పేజీ. విధి నిర్వహణలో నిద్రింతునని వ్రాసియున్నారు. ధ్రువపత్రము జతపరచలేదు. మండలి వట్టిమాటలను విశ్వసింపజాలదు."

"ఏం చెయ్యమంటారండి?"

"దయచేసి నిద్రింపుడు."

హేమలత కళ్ళు మూసుకుంది. తల కాస్త పక్కకి వాల్చింది. మాస్టారు నేర్పినట్టు నోరు కొద్దిగా తెరిచింది.  లోకనాథం గారు ఇందాకటి కోపిష్టి మార్కులు పైకే కూడుకుంటున్నారు.

"పద్దెనిమిది... ఇరవై నాలుగున్నర... పదకొండు. మొత్తం యాభై ఒకటిన్నర."

హేమలత కాలి బొటనవేలు కదిలింది. పళ్ళు బిగించింది. తల్లి ముఖం తలుచుకుంది, కుట్టుషాపు తలుచుకుంది. లోకనాథం గారు యాభై ఒకటిన్నర అని కాగితం మీద రాస్తున్న చప్పుడు వినిపించింది. ఇక ఆమెవల్ల కాలేదు.

"యాభై మూడున్నరండి," అంది కళ్ళు మూసుకునే.

"తమరు నిద్రలో ఉన్నారు," అని గుర్తుచేశారు అధ్యక్షులు.

"ఉన్నానండి. అయినా యాభై మూడున్నరే."

లోకనాథం గారు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. ఆపైన లెక్కల యంత్రం తీసి నొక్కారు. ఆయన ముఖం మాడిపోయింది. "ఈమె నిద్రించుట లేదు. పైగా తొమ్మిదవ పేజీలో లెక్కలయందు బలహీనురాలినని వ్రాసుకొనినది కూడా అసత్యమే."

అధ్యక్షులు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అమ్మా, ఇది చిన్న విషయము కాదు. లోపములు దాచినవారిని చూచితిమి. లేని లోపములు చూపి సుగుణములు దాచుకొనుట ఇదే ప్రథమము. నలభై పేజీలకును సున్న. తమకు మిగిలినవి డిగ్రీ మార్కులు అయిదు, తమ తల్లిగారు చెప్పిన వాటికి మూడున్నర. ఇక తాము వెళ్ళవచ్చును."

హేమలత లేచి నిలబడింది.  ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, అందులో కోపానిదే పైచేయి అయింది. "అబద్ధాలు రాశానండి, నిజమే. నిజం రాస్తే మీరే తిప్పిపంపారు. మా అమ్మ ఇరవై రెండేళ్ళ కష్టం ఆనందనిలయం వాళ్ళు పట్టుకుపోతే మీకు పదిహేడు ఉత్తరాలు రాశాను. పదిహేడుసార్లు అభినందించారు. నాలో ఉన్న లోపమేదో మా బాబాయి రాసిచ్చాడు, అది చదువుకోండి," అని సంచీ అడుగునుంచి కవరు తీసి బల్లమీద పెట్టింది.

లోకనాథం గారు పైకి చదివారు.

"ఈ అమ్మాయి తొమ్మిదేళ్ళుగా మా కొట్లో లెక్కలు రాస్తుంది. ఒకటే లోపం. లెక్క తప్పితే వదలదు. పోయినేడు రెండు మిర్చి బస్తాలు తేడా వచ్చినాయని సరుకంతా మళ్ళీ కాటా వేయించింది. తేడా మా బావమరిది దగ్గర తేలింది. మా ఇంట్లో నాకు ఆర్నెల్లు సరిగా అన్నం పెట్టలేదు. అయినా వదల్లేదు. చెప్తే వినదు. ఎవరి మొహమూ చూడదు. వెంటపడి తేలుస్తుంది. ఇట్లు, రత్తయ్య."

 అధ్యక్షుల వారికి ముగ్గురు బావమరుదులు ఉన్నారు.

"అనగా," అన్నారు ఆయన నెమ్మదిగా, "ఈమెను తనిఖీ అధికారిగా నియమించినచో..."

"తనిఖీ చేయును," అన్నారు లోకనాథం గారు.

"కంపెనీలనా?"

"కంపెనీలను. అటుపిమ్మట మనలను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోకనాథం గారు మార్కుల పట్టిక తెరిచి, చివరి వరుస మీద వేలు పెట్టారు. మండలి ఉనికికే ముప్పు తెచ్చు లోపము, యాభై. యజమాని ధ్రువీకరణ కూడా పక్కాగా ఉంది. పట్టిక తాము వేసినదే, సంతకాలు తమవే. అద్దాల అవతల బెంచీమీద అభ్యర్థులంతా చూస్తున్నారు. వేరే దారి లేదు.

"అయిదు, మూడున్నర, యాభై," అని రాసి, లోకనాథం గారు హేమలత వైపు ఒకసారి చూశారు. "యాభై ఎనిమిదిన్నర?"

"సరిపోయిందండి," అంది హేమలత.

సాయంత్రం నాలుగింటికి విశ్వంభరం ఆవులిస్తూ వచ్చి, ఇంటర్వ్యూ రేపనుకున్నానన్నాడు. ఆ మాటతో అతనికి అరవై ఒకటి అయ్యాయి. మొదటి ర్యాంకు అతనిది, రెండోది హేమలతది. ఇద్దరికీ నియామకపు ఉత్తర్వులు వచ్చాయి, వెనక వాళ్ళ వాళ్ళ లోపాల పత్రాలు కుట్టి, మండలి గుండ్రటి ముద్ర కొట్టి. హేమలత పత్రంలో పై పేజీ రత్తయ్య ఉత్తరం.

విశ్వంభరాన్ని క్షేత్ర తనిఖీకి వేశారు. హేమలతను ఫిర్యాదుల స్వీకరణ విభాగంలో వేశారు. అక్కడ తనిఖీ చేయడానికి ఏమీ ఉండదు. ఫిర్యాదు వస్తుంది, అభినందన పోతుంది. మొదటి రోజు బీరువా తెరిస్తే తన పదిహేడు ఉత్తరాలు తాడు కట్టి పైనే ఉన్నాయి.  ఇంత దూరం వచ్చింది తన ఉత్తరాలకు తానే జవాబు రాసుకోవడానికా అని గొప్ప దిగులేసింది.

నెల గడిచింది. విశ్వంభరం ఆఫీసు మొహం చూడలేదు. అధ్యక్షులు మండిపడి మెమో పంపారు. అతను జీతాల రోజున వచ్చి, ఎంతో మర్యాదగా, తన పత్రంలో మూడో పేజీ తీసి చూపించాడు. "పని చేయనని ముందే వెల్లడించాను కదండీ. తొమ్మిదో నిబంధన ఉంది కదా." అధ్యక్షులు మెమో వెనక్కి తీసుకున్నారు. అసౌకర్యానికి చింతిస్తున్నట్టు ఒక కాగితం కూడా రాసిచ్చారు.

ఇదంతా హేమలత అద్దంలోంచి చూసింది. చూసి, తిన్నగా తన బల్ల దగ్గరికి పోయి, తన నియామకపు ఉత్తర్వు తీసి మళ్ళీ చదువుకుంది. ఆ తర్వాత కొత్త ఫైలు ఒకటి తెరిచింది. ఆనందనిలయం వాళ్ళే ఇప్పుడు ఒంగోల్లో పరమానందనిలయం అని బోర్డు పెట్టారని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. తెల్లారి పది గంటలకల్లా తనిఖీ పర్యటనకు అనుమతి కోరుతూ కాగితం అధ్యక్షుల బల్లమీద ఉంది. పదీ అయిదుకి పిలుపొచ్చింది.

"ఏమిటిది?" అన్నారు సర్వోత్తమరావు గారు. "తమ విధి ఫిర్యాదు అందినదని తెలియజేయుట. తనిఖీ చేయమని తమకు ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదండి. అదే నా లోపం." ఆమె ఉత్తర్వు వెనక పత్రం తిప్పి పై పేజీ ఆయన ముందు పెట్టింది. "చెప్తే వినదు అని కూడా ఉందండి. మీ ముద్ర ఉంది."

"దీనిపై చర్య తీసుకొందును."

"ముందే వెల్లడించాను కదండి."

ఆయన తొమ్మిదో నిబంధన తెప్పించుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చదివారు. ఎటు తిప్పినా అలాగే ఉంది. చివరికి ఒక ఆధారం దొరికినట్టు ముఖం వికసించింది. "అయితే ఆ సంస్థ కూడ పరారగు అవకాశమున్నదని ముందే వెల్లడించియున్నది. మరి దాని సంగతేమి?"

"వెల్లడించిందండి," అంది హేమలత. "పారిపోతామని వాళ్ళు వెల్లడించారు. వెంటపడతానని నేను వెల్లడించాను. నిబంధన ప్రకారం వాళ్ళను మీరు ఆపకూడదు, నన్నూ ఆపకూడదు."

అధ్యక్షులు తల తిప్పి చూశారు. ఆఫీసంతా పని మానేసి అద్దానికి ముక్కులు ఆనించి చూస్తోంది. చాటుకు పోదామంటే గదిలో చాటు లేదు, తానే తీయించారు. ఆయన కలం తీసి సంతకం పెట్టారు.

హేమలత ఆ పూటే బయల్దేరింది. సంచీలో పదిహేడు ఉత్తరాలూ భూతద్దమూ పెట్టుకుని, బస్సెక్కి కూర్చున్నాక తల్లికి ఫోన్ చేసింది.

"దొరుకుతారంటావా?" అంది మంగతాయారు.

"దొరికేదాకా వదలనమ్మా. దానికే ఉద్యోగమిచ్చారు. యాభై మార్కులు."

"అదేందే, అది నేను చెప్పిందేగా? మొట్టమొదట అదేగా రాయించా, పట్టిన పట్టు వదలవని. నేను చెప్పినదానికి ఎన్నేశారు?"

"అర మార్కు."

ఫోన్లో కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. మంగతాయారుకు నిజంగానే కోపమొచ్చింది.

"ఒంగోలు పని కాగానే వచ్చి ఆ లెక్క కూడా తేల్చు," అంది.